పాత సైనిక భవనాల్లో ఆర్టిస్ట్ రెసిడెన్సీ: వరంగల్, కరీంనగర్, నిర్మల్ వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పుడు సిపాయిలు పడుకున్న బ్యారక్‌లో కొన్ని వారాలు ఉండి, బొమ్మలు వేసుకుని హన్మకొండకు తిరిగొచ్చాను. అప్పటి నుంచి నాకొచ్చే ఫోన్లు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. "అన్నా, ఖర్చు ఎవరిది?" దగ్గర మొదలై "గోడకు మేకు కొట్టనిస్తరా?" దాకా పోతాయి. చెప్పిందే చెప్పడం కంటే ఒకసారి రాసిపెట్టడం నయం అనిపించింది. ప్రశ్నలు మీరు అడిగినట్టే ఉంచాను. మీకు కావలసినదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## అసలు ఇదేమిటో తెలియక ముందు

రెసిడెన్సీ అంటే ఉద్యోగమా, ట్రైనింగా, లేక టూరా?

మూడూ కాదు. ఒక సంస్థ మీకు కొన్నాళ్లు ఉండటానికి గది, పని చేసుకోవడానికి స్టూడియో ఇస్తుంది. కొన్నిచోట్ల భోజనం, విమానం టికెట్, చేతి ఖర్చుకు కొంత డబ్బు కూడా ఇస్తారు. పాఠాలు ఉండవు, పరీక్షలు ఉండవు, రోజూ వచ్చి "ఎంత అయింది?" అని అడిగేవాళ్లు ఉండరు. ఇంట్లో కరెంటు బిల్లు, పెళ్లిళ్లు, ఆర్డర్ల మధ్య దొరకని వరుస రోజులు దొరుకుతాయి. వాళ్లు ఇచ్చే అసలు సరుకు ఆ రోజులే.

ఆర్టిస్టులకు సైన్యం భవనాలెందుకు? సైన్యంతో ఏమన్నా సంబంధం ఉంటుందా?

ఇప్పుడు ఏ సంబంధమూ ఉండదు. సైన్యం వదిలి వెళ్లిపోయాకే ఇవి కళాకారుల చేతికి వచ్చాయి. సముద్రం మీదుగా వచ్చే ఓడలను ఫిరంగులతో ఆపాలని కట్టిన కోటలు, విమానాలూ క్షిపణులూ వచ్చాక పనికిరాకుండా పోయాయి. సైన్యం వెళ్లిపోతే మిగిలేది పెద్ద హాళ్లు, ఎత్తు కప్పులు, మందపాటి గోడలు, బారుగా కిటికీలు. ఊరికి దూరం కాబట్టి దుకాణానికి పనికిరావు, కుటుంబం కాపురానికి కుదరవు. ఇరవై అడుగుల బట్ట పరిచి బొమ్మ వేసేవాడికి మాత్రం అంతకంటే మంచి చోటు ఉండదు. కూలగొట్టడానికి చట్టం ఒప్పుకోదు, ఖాళీగా ఉంచితే చెమ్మ తినేస్తుంది. అందుకే మనుషులను ఉంచి భవనాన్ని బతికిస్తారు.

ఇంకో సంగతి కూడా ఉంది. బ్యారక్ కట్టిందే అందరూ ఒకేలా లేచి, ఒకేలా తిని, ఒకేలా పడుకోవాలని. మంచానికీ మంచానికీ మధ్య దూరం కూడా ఒక్కటే. అలాంటి గదిలో కూర్చుని ఎవరికి వారు తమ పని చేసుకోవడం మొదట విచిత్రంగా ఉంటుంది. నాకైతే మొదటి వారమంతా ఆ గదిని చూడటంతోనే గడిచింది.

ఇలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయి?

చాలా ఉన్నాయి. నేను నాలుగింటి పేర్లు చెబుతాను.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర గోల్డెన్ గేట్ వంతెన దాటితే ఫోర్ట్ బ్యారీ అనే పాత సైనిక స్థావరం ఉంది. 1907 నాటి ఆ భవనాల్లో 1982లో పుట్టిన హెడ్‌ల్యాండ్స్ సెంటర్ ఫర్ ది ఆర్ట్స్ నడుస్తోంది. బ్యారక్ బాగుచేసే పనిని ఇంజనీర్లకు వదిలేయకుండా డేవిడ్ ఐర్లాండ్ అనే కళాకారుడికి అప్పగించారు. ఆయన 1986, 87ల్లో గోడల మీది రంగు పొరలు గీకించి, కింద కనిపించిన మరకలనూ గీతలనూ అలాగే ఉంచేశాడు. సైనికుల వంటశాలను యాన్ హామిల్టన్ అనే కళాకారిణి మలిచింది. మరుగుదొడ్ల హాలును కూడా కళాకారులే తీర్చిదిద్దారు.

ఫిన్లాండ్‌లో హెల్సింకికి ఎదురుగా దీవుల మీద సువొమెన్లిన్నా కోట ఉంది. 1748లో స్వీడన్ కట్టడం మొదలుపెట్టింది, 1808లో రష్యా పట్టుకుంది, 1918లో ఫిన్లాండ్ చేతికొచ్చింది. 1973లో సైన్యం పాలన పోయి పౌర పాలన వచ్చింది. 1991 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. 1998లో మొదలైన హయాప్ అనే రెసిడెన్సీ సంస్థ స్టూడియోలు ఈ కోటలో ఉన్నాయి. ఊరి నుంచి పడవలో పావుగంట.

టెక్సాస్‌లో మార్ఫా అనే చిన్న ఊళ్లో ఫోర్ట్ డి.ఎ. రసెల్‌ను డొనాల్డ్ జడ్ అనే శిల్పి తీసుకుని 1986లో చినాటి ఫౌండేషన్‌గా తెరిచాడు. ఫిరంగుల షెడ్లకు ఉన్న తలుపులు తీయించి పెద్ద అద్దాలు పెట్టించి, లోపల 100 అల్యూమినియం పెట్టెలు అమర్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ ఖైదీలను ఉంచిన చోటు అది. గోడ మీది జర్మన్ రాతలు చెరపకుండా వదిలేశాడు.

సింగపూర్‌లో బ్రిటిషువాళ్లు 1936లో కట్టిన గిల్‌మన్ బ్యారక్స్ 2012లో గ్యాలరీల వాడగా మారింది.

మన దేశంలో లేవా?

కోటల్లో కళను చూపించే చోట్లు ఉన్నాయి. గోవాలో రీస్ మాగోస్ కోటను బాగుచేసి 2012లో తెరిచారు. అందులో మారియో మిరాండా బొమ్మల గ్యాలరీ ఉంది. జైపూర్ నాహర్‌గఢ్ కోటలోని మాధవేంద్ర భవన్‌లో 2017 నుంచి శిల్పాల పార్కు నడిచింది. ఇవి చూడటానికి వెళ్లే చోట్లు. ఉండి పని చేసుకునే రెసిడెన్సీలు మన దగ్గర ఎక్కువగా మామూలు భవనాల్లోనే నడుస్తాయి. ఢిల్లీలో 1997లో మొదలైన ఖోజ్ అలాంటిదే. విదేశానికి వెళ్లే ముందు ఇక్కడ ఒక రెసిడెన్సీ చేసి వెళ్తే చాలా సంగతులు తెలిసి వస్తాయి.

మన ఖిలా వరంగల్‌లోనో, కరీంనగర్ దగ్గరి ఎలగందుల కోటలోనో పెట్టొచ్చు కదా? ఎవరూ ఎందుకు పట్టించుకోరు?

ఇది అడగనివాళ్లు లేరు. నేనూ వరంగల్ కోటలోని ఖుష్‌మహల్ నీడలో కూర్చున్నప్పుడల్లా ఇదే అనుకుంటాను. పెద్ద హాలు, ఎత్తు కమానులు, చల్లటి గచ్చు. స్టూడియోకి ఇంకేం కావాలి!

కానీ ఓరుగల్లు కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు వీల్లేదు. ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కరెంటు వైరింగు, బాత్రూములు, వంటగది లేకుండా రెసిడెన్సీ నడవదు, రక్షిత కట్టడంలో అవి పెట్టనివ్వరు. పైగా మనది ఖాళీ కోట కాదు. మట్టికోటకూ 45 బురుజుల రాతికోటకూ లోపల ఊరుంది, పొలాలున్నాయి. తమ ఇంటి గోడ లేపుకోవడానికే అనుమతుల కోసం తిరుగుతున్న జనం మధ్య బయటి కళాకారులకు గదులు కడతామంటే వాళ్లేమనుకుంటారో కూడా ఆలోచించాలి.

నాకైతే జగిత్యాల కోట మీద ఆశ ఉంది. 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో, చుట్టూ నీటి కందకంతో కట్టారు. ఐరోపాలో ఇలాంటి కోటలను కళాకేంద్రాలు చేసుకున్నారు కాబట్టి చూపించడానికి ఉదాహరణలు చాలా ఉన్నాయి. కోట లోపల కట్టకపోయినా పక్క ఊళ్లో ఒక పాత పెంకుటిల్లు తీసుకుని, పగలు కోటలో గీసుకుని రాత్రి ఇంటికి రావచ్చు. కాగితం, పెన్సిల్‌తో కూర్చుంటే ఎవరూ లేపరు. కెమెరాకు స్టాండ్ వాడాలంటే మాత్రం పురావస్తు శాఖ అనుమతి కావాలి.

మేము చేర్యాల నకాషీ వాళ్లం. మాలాంటోళ్లను తీసుకుంటరా, లేక కాలేజీ పిల్లలకేనా?

పటాలు వేసే నకాషీలనూ తీసుకుంటారు. కానీ ఏ పేరుతో పిలుస్తున్నారో చూసుకోండి. "డెమాన్‌స్ట్రేషన్" అని ఉంటే, వచ్చినవాళ్ల ముందు కూర్చుని బొమ్మ వేసి చూపించాలని అర్థం. "ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్" అని ఉంటే మీ పని మీ ఇష్టం. మొదటిది తప్పేం కాదు, దానికి తగ్గ కూలి ఇస్తే. రెండోదని చెప్పి పిలిచి మొదటిది చేయించుకుంటేనే చిక్కు. ఒప్పుకోకముందే మెయిల్‌లో అడిగేయండి: వారంలో ఎన్ని గంటలు జనం ముందు కూర్చోవాలి? ఆ జవాబు రాతలో ఉండాలి.

## అప్లికేషన్ పెట్టేటప్పుడు

డిగ్రీ లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. పెట్టొచ్చా?

పెట్టొచ్చు. చాలాచోట్ల డిగ్రీ అడగరు, చేసిన పని అడుగుతారు. ఇంగ్లీషు విషయానికొస్తే, ముందు తెలుగులో మీరు మాట్లాడినట్టే ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత తెలిసినవాళ్లతో మామూలు ఇంగ్లీషులో రాయించండి. కంప్యూటర్ సెంటర్‌లో రాయించే పెద్దపెద్ద మాటలు వద్దు. ఎంపిక చేసేవాళ్లు అలాంటివి వందల కొద్దీ చదివి విసిగిపోయి ఉంటారు.

ప్రపోజల్‌లో ఏం రాయాలి? అక్కడ చేయబోయే బొమ్మ ముందే చెప్పాలా?

బొమ్మ చెప్పక్కర్లేదు. ఏ సంగతి మీ మనసులో తిరుగుతోందో, అది ఈ చోటికే ఎందుకు వచ్చి తేల్చుకోవాలో చెప్పాలి. "మా కళ 400 ఏళ్ల నాటిది, దాన్ని ప్రపంచానికి పరిచయం చేస్తాను" అని మనోళ్లు ఎక్కువగా రాస్తారు. అది నిజమే కావచ్చు, కానీ ఆ మాట ఎక్కడికైనా పంపొచ్చు. బ్యారక్‌కే పంపడానికి అందులో ఏమీ లేదు.

ఇలా ఆలోచించండి. నకాషీ పటం పొడుగ్గా చుట్టిన బట్ట. కథ చెప్పేవాళ్లు గడి తర్వాత గడి విప్పుతూ పాడతారు. పద్మశాలీల పురాణం చెప్పే కూనపులి వాళ్ల పటంలో ఆ కులం పుట్టుపూర్వోత్తరాలు వరుసగా ఉంటాయి. మరి ఒక కోట తన కథ చెప్పుకుంటే ఏ గడి తర్వాత ఏ గడి వస్తుంది? సువొమెన్లిన్నాలో కట్టినవాళ్లు ఒకరు, ఏలినవాళ్లు ఇంకొకరు. 1918లో అంతర్యుద్ధం ముగిశాక ఓడినవాళ్లను అక్కడ శిబిరంలో బంధించారు. ఆకలితోనూ రోగాలతోనూ చాలామంది చనిపోయారు. ఈనాటికీ ఆ దీవిలో ఓపెన్ జైలు ఉంది, అందులోని ఖైదీలు కోట మరమ్మతు పనులు చేస్తారు. ఈ కథకు ఎర్రటి నేపథ్యం వేసి పటం కట్టడం ఎలాగో తెలిసినవాళ్లు ఆ దేశంలో లేరు, మీ ఇంట్లో ఉన్నారు. ప్రపోజల్ అంటే అది. ఒక పేజీ చాలు.

ఫొటోలు ఎట్లా పంపాలి? ఫోన్‌తో తీస్తే నడుస్తదా?

నడుస్తుంది. పొద్దున నీడపట్టున, గోడకు ఆనించి, ఎదురుగా నిలబడి తీయండి. అద్దం బిగించకముందే తీస్తే మెరుపు రాదు. పటం పొడుగైతే మొత్తం ఒక ఫొటో, దగ్గరగా రెండు ఫొటోలు ఇవ్వండి. సన్మానం శాలువాతో దిగినవి, మంత్రిగారికి బొమ్మ ఇస్తున్నవి వద్దు. అవి ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు.

ఖర్చు ఎవరిది? డబ్బులు కట్టమంటే మోసమా?

మూడు రకాలుంటాయి. కొన్ని పూర్తి ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. కొన్ని గది, స్టూడియో ఇచ్చి టికెట్ మిమ్మల్నే కొనుక్కోమంటాయి. ఇంకొన్ని అన్నిటికీ మన దగ్గరే వసూలు చేస్తాయి. మూడోదాన్ని నేను లాడ్జి అంటాను, రెసిడెన్సీ అనను.

అప్లికేషన్ ఫీజు అడిగినంత మాత్రాన మోసం కాదు. అమెరికాలో పేరున్న చోట్ల కూడా కొద్దిగా తీసుకుంటారు. ఎంపికయ్యారని చెప్పి, "సీటు ఖాయం చేసుకోవడానికి" వారంలోపు పెద్ద మొత్తం పంపమంటే అనుమానించండి. ఒకసారి నాకూ అలాంటి లెటర్ వచ్చింది, రంగురంగుల సీలుతో సహా. ఆ కోట ఫొటోను గూగుల్‌లో వెతికితే అదొక హోటల్ అని తేలింది. మాట తేల్చుకోవడానికి పోయినేడాది అక్కడ ఉండి వచ్చిన కళాకారులిద్దరికి మెసేజ్ పెట్టండి. జవాబు ఇస్తారు, నిజమే చెబుతారు.

ఇంకో చిన్న సంగతి. ఫీజు కడదామంటే చాలాసార్లు కార్డు పనిచేయదు. తప్పు వెబ్‌సైట్‌ది కాదు, మన కార్డులో విదేశీ చెల్లింపులు మూసేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో తెరవాలి. ఆఖరి రాత్రి కాకుండా ముందే చూసుకోండి.

ఆఖరి తేదీ రాత్రి 12 దాకా అంటే మన 12నా, వాళ్ల 12నా?

వాళ్లది. కాలిఫోర్నియా మనకంటే చలికాలంలో 13న్నర గంటలు, ఎండాకాలంలో 12న్నర గంటలు వెనక ఉంటుంది. హెల్సింకి చలికాలంలో 3న్నర, ఎండాకాలంలో 2న్నర గంటలు వెనక. అంటే అమెరికా గడువు మనకు మర్నాడు మధ్యాహ్నం ముగుస్తుంది. ఆ ధీమాతో కూర్చుంటే సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది, అది వేరే విషయం.

రెండుసార్లు రిజెక్ట్ అయింది. ఇక లాభం లేదా?

రెండుసార్లు తక్కువే. ప్రతిసారీ ఎంపిక చేసేవాళ్లు మారతారు. నాకు ఐదోసారికి వచ్చింది.

## బయలుదేరే ముందు

పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు లేదు, బొమ్మ మీద ఇంటిపేరుతో సంతకం ఉంది. ఇబ్బందా?

మన వైపు ఇది పెద్ద టెన్షన్. ఆధార్‌లో ఒక అక్షరం, పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో ఖాళీ. ఆహ్వానపత్రం, టికెట్, ఇన్సూరెన్స్ మూడూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. సంతకం, ఎగ్జిబిషన్ పేరు మీ ఇష్టం. పాస్‌పోర్ట్ ఇంకా తీసుకోకపోతే ఇంటిపేరు దాని గడిలో, పేరు దాని గడిలో నింపండి. దీనికోసం హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు, వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది.

ఏ వీసా పెట్టాలి? ఆహ్వానంలో "ఫోర్ట్", "బ్యారక్స్" అని ఉంటే అనుమానపడతారా?

పడరు. ఆ పేర్లు ఆ దేశంలో బడిపిల్లలకు కూడా తెలిసినవే. వీసా రకం మాత్రం ఏజెంటును అడగకండి, పిలిచిన సంస్థనే రాతలో అడగండి. వాళ్లు డబ్బు ఇస్తున్నారా, ఎన్నాళ్లు ఉంటారు అన్నదాన్ని బట్టి రకం మారుతుంది. ఫిన్లాండ్ లాంటి షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాలు) చిన్న వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ప్రయాణ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇంటర్వ్యూలో "ఎందుకు వెళ్తున్నారు?" అంటే ఒక్క వాక్యంలో చెప్పండి: ఫలానా సంస్థ పిలిచింది, ఇన్ని వారాలు ఉండి బొమ్మలు వేసి తిరిగొస్తాను. కాకతీయుల చరిత్ర మొత్తం చెప్పక్కర్లేదు.

మా తాతల నాటి పటం ఇంట్లో ఉంది. చూపించడానికి తీసుకెళ్లొచ్చా?

దయచేసి తీసుకెళ్లకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన చిత్రాలను, కళావస్తువులను మామూలు మనుషులు దేశం దాటించకూడదు. రాతప్రతులకైతే 75 ఏళ్లే. తిరిగి తెస్తాను అన్నా కుదరదు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు ఆపితే పటం పోతుంది, ప్రయాణమూ పోతుంది.

వందేళ్లు నిండని పటమైనా పాతగా కనిపిస్తే అనుమానం వస్తుంది. పురావస్తు శాఖ నిపుణులకు చూపించి, అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అంత తిప్పలు ఎందుకంటే నా సలహా ఒక్కటే: పటాన్ని మంచి వెలుతురులో గడి గడికీ ఫొటో తీసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. మీరు వేసిన కొత్తది ఒకటి చుట్టి తీసుకెళ్లండి. అక్కడివాళ్లు పాతదాన్ని చూసి మురిసిపోతారు, నిజమే. కానీ తాత చేతి పటం అంతదూరం పోయి రావడానికి ఆ మురిపెం చాలదు.

రంగులు, చింతగింజల జిగురు, కుంచెలు తీసుకెళ్లనిస్తారా?

టర్పెంటైన్, థిన్నర్, స్ప్రే డబ్బాలు విమానంలో అసలు వద్దు, మంటపట్టే సరుకు. నీటిరంగులు, పొడి రంగులు చెకిన్ సంచిలో పెట్టండి. డబ్బా మీద లేబుల్ ఉండాలి. పేరు లేని తెల్లపొడి పొట్లం చూస్తే ఎవరికైనా అనుమానమే. నకాషీకి వాడే సుద్దమట్టి అచ్చం అలాగే ఉంటుంది కదా. గింజలు, మట్టి, చెక్క లాంటివి చాలా దేశాలు పురుగుల భయంతో ఆపుతాయి. కాబట్టి చింతగింజలు, నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క కావాలంటే ముందే సంస్థకు మెయిల్ పెట్టి అడగండి. ఉడుత వెంట్రుకల కుంచెలు ఇంట్లోనే ఉంచి, సింథటిక్‌వి పట్టుకెళ్లండి. బ్లేడ్లు, కత్తెరలు చెకిన్‌లో, బ్యాటరీలు చేతి సంచిలో.

హీటర్, గ్లూగన్ లాంటివి అమెరికాకు తీసుకెళ్లకండి, అక్కడి కరెంటు 120 వోల్టులే.

పచ్చళ్లు, సకినాలు?

సకినాలు హాయిగా తీసుకెళ్లండి. ఫిన్లాండ్ లాంటి ఐరోపా సంఘం దేశాలకు మాంసం, పాలతో చేసినవి తేకూడదు, అంటే నెయ్యి, పాలకోవా కూడా పోయినట్టే. అమెరికాలో దిగేటప్పుడు తిండి ఏదున్నా ఫారంలో ఉందని రాయండి. ఉందని చెబితే మహా అయితే తీసి పడేస్తారు, దాచి దొరికితే జరిమానా. మామిడికాయ పచ్చడికి మూడు కవర్లు వేయండి. నా బట్టలకు ఇప్పటికీ ఆ వాసన పోలేదు.

## అక్కడ ఉన్నప్పుడు

గోడకు మేకు కొట్టొచ్చా?

వద్దు. అడిగి కూడా ఇబ్బంది పెట్టకండి, జవాబు వద్దనే ఉంటుంది. పాత గోడల్లో చాలావాటికి సున్నం పూత. మన డంగు సున్నం లాగే అది చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. మేకు దింపితే పెళ్ళలుగా ఊడుతుంది, దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే చిక్కి గోడ మొత్తం పాడవుతుంది. అందుకే బాగుచేసిన భవనాల్లో నిలబెట్టుకునే చెక్క పలకలో, పై నుంచి వేలాడదీసే తీగలో ఇస్తారు. పొడుగు పటాలు వేసేవాళ్లకు తీగే నయం, ఇంట్లో దండెం మీద ఆరేసినట్టే.

పెచ్చులు లేస్తున్న పాత రంగును గోకకండి. పాత భవనాల రంగుల్లో సీసం కలిసి ఉంటుంది. అమెరికాలో ఇళ్లకు అలాంటి రంగు 1978 దాకా వేశారు. చేతులు కడుక్కోకుండా అన్నం తినకండి.

ఆడపిల్ల ఒక్కతే వెళ్తుంది. సేఫేనా? బాత్రూములు వేరుగా ఉంటాయా?

ఇది తల్లిదండ్రుల ప్రశ్న, సరైన ప్రశ్న. బ్యారక్‌లు మందిని పడుకోబెట్టడానికి కట్టినవి కాబట్టి చాలాచోట్ల స్నానాల గదులు ఉమ్మడిగానే ఉంటాయి. పడకగది ఒక్కరికేనా, లోపలి నుంచి గడియ ఉందా, స్టూడియోకీ పడకగదికీ మధ్య రాత్రి ఎంత దూరం నడవాలి, రాత్రిపూట ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారు? ఈ నాలుగు ముందే అడగండి. దీవి మీద ఉంటే ఆఖరి పడవ ఎన్నింటికో తెలుసుకోండి. మందపాటి గోడల్లో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. ఇంటికి రోజూ ఏ వేళకు ఫోన్ చేస్తారో ముందే చెప్పి వెళ్తే అమ్మకు నిద్ర పడుతుంది.

పాత మిలిటరీ బిల్డింగు. దయ్యాలు గట్ల ఏమన్నా...?

రాత్రిపూట చెక్కమెట్లు చప్పుడు చేస్తాయి. చలికి చెక్క ముడుచుకుంటుంది, అంతే. అయినా మొదటి రెండు రాత్రులు లైటు వేసుకునే పడుకున్నాను.

డోక్రా ఇత్తడి పోతకు పొయ్యి పెట్టుకోవచ్చా? పెంబర్తి రేకు పని చేస్తే చప్పుడు అవుతుంది కదా?

లోపల నిప్పు ఎక్కడా ఒప్పుకోరు. మైనం కరిగించాలన్నా అడగాలి. ఆదిలాబాద్ వైపు డోక్రా చేసేవాళ్లు మైనపు అచ్చు వరకు అక్కడ చేసి, పోత పోయడానికి ఊళ్లో ఉన్న ఫౌండ్రీని చూపించమని సంస్థను అడగొచ్చు. ఇత్తడి రేకు మీద సుత్తి పనికి విడిగా ఉన్న షెడ్డు అడగండి. బ్యారక్ హాలులో దెబ్బ వేస్తే ఆ కొస దాకా మోగుతుంది. పక్క గదిలో కవిత రాసుకునేవాడు రెండో రోజే ఫిర్యాదు చేస్తాడు.

చలికాలం వెళ్లాలా, ఎండాకాలమా?

హెల్సింకిలో డిసెంబరులో పగటి వెలుతురు 6 గంటలు కూడా ఉండదు, జూన్‌లో దాదాపు 19 గంటలు ఉంటుంది. రంగు చూసి కలిపే పని మీదైతే ఎండాకాలం అడగండి. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మాత్రం తిరకాసు: ఎండాకాలంలోనే సముద్రం మీది నుంచి పొగమంచు కమ్ముకుంటుంది, జూలైలో స్వెటర్ వేసుకుంటారు. గంజి, సుద్ద పూసిన బట్ట మన ఎండలో ఒక పూటలో ఆరితే అక్కడ రెండు రోజులైనా మెత్తగానే ఉంటుంది. నేను తొందరపడి చుట్టేస్తే లోపలి గడి రెండోదానికి అంటుకుని బొమ్మ మొహం సగం ఊడొచ్చింది. ఆరాక మధ్యలో కాగితం వేసి, బొమ్మ పైకి ఉండేలా చుట్టండి.

రోజంతా ఎవరూ అడగకపోతే ఏం చేయాలి? ఏదో ఒకటి పూర్తి చేయకుంటే ఊరుకుంటారా?

ఊరుకుంటారు. మనకే ఊరుకోబుద్ధి కాదు. ఆర్డర్ల మీద బతికినవాళ్లకు ఖాళీ రోజు నేరంలా అనిపిస్తుంది. చాలాచోట్ల చివర్లో "ఓపెన్ స్టూడియో" ఉంటుంది, జనం వచ్చి చూస్తారు. సగం పని చూపించినా తప్పు లేదు. సాయంత్రం అందరూ కలిసి తినే చోట మాత్రం రోజూ కూర్చోండి. పక్కదేశం వాళ్లు ఏం చేస్తున్నారో, ఇంకెక్కడ అప్లై చేయాలో తెలిసేది అక్కడే.

## తిరిగొచ్చేటప్పుడు, వచ్చాక

వేసిన బొమ్మలు అక్కడే అమ్ముకోవచ్చా?

మీ వీసాను బట్టి ఉంటుంది. సంస్థను అడగకుండా ఓపెన్ స్టూడియోలో నగదు తీసుకోకండి. ఎవరైనా కొంటామంటే పేరు, మెయిల్ రాసుకుని వచ్చి ఇక్కడి నుంచి బిల్లుతో పంపడం మంచిది. ఒక బొమ్మ సంస్థకు ఇచ్చి రావాలని కొన్నిచోట్ల నియమం ఉంటుంది. ఏ బొమ్మ, ఎంత సైజు, దాన్ని అచ్చువేసుకునే హక్కు ఎవరిది అన్నది సంతకం పెట్టేముందే చదవండి.

బొమ్మలు తిరిగి తెచ్చేటప్పుడు కస్టమ్స్‌లో ఆపితే?

ఫ్రేములు తీసేసి చుట్టుకుని రండి. బొమ్మల జాబితా, ఒక్కోదాని ఫొటో, ఇవి ఈ కళాకారుడు ఇక్కడే వేసుకున్న సొంత పనులని సంస్థ ఇచ్చిన లెటర్ దగ్గర ఉంచుకోండి. ఖరీదైన కెమెరా ఉంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్ కౌంటర్‌లో రాయించుకుని కాగితం తీసుకోండి. లేకపోతే అక్కడ కొన్నదేమో అని అడుగుతారు.

వచ్చాక ఏం లాభమైంది మీకు?

ఆర్డర్లు పెరగలేదు. ఇంట్లోవాళ్లు ఇదే అడిగారు, వాళ్లకూ ఇదే చెప్పాను. కాకపోతే ఖిలా వరంగల్ పోయినప్పుడు ఇదివరకు కీర్తితోరణాల దగ్గరే కూర్చునేవాణ్ణి. ఇప్పుడు రాతికోట ద్వారం లోపలి మలుపులో, ఒకప్పుడు కాపలావాళ్లు నిలబడి ఉండే చోట కూర్చుని గీస్తున్నాను. ఆదివారం పొద్దున 7 నుంచి 9 దాకా అక్కడే ఉంటాను. అప్లికేషన్ కాగితాలు చూపించాలనుకునేవాళ్లు అప్పుడు రండి. ఫోన్‌లో కంటే అదే సుఖం.